కిరణ్మయి గొంతు పోయిన వారం

"ఏడు రోజులు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దు. వాటితో గొంతుకి ఇంకా ఎక్కువ శ్రమ," అన్నాడు డాక్టరు.

కిరణ్మయి ఏదో చెప్పబోయింది. నూనె లేని తలుపు తీసినట్టు కిర్రుమని చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

"అదిగో, అదే వద్దంటున్నాను," అన్నాడాయన మందులు రాస్తూ.

పక్కన కూర్చున్న తల్లి అప్పలకొండ ముందుకి వంగింది. "ఏడు రోజులేనేటి బాబూ? పది రాసీకూడదా?"

కిరణ్మయి తల్లి వైపు కోపంగా చూసింది. అప్పలకొండ మాత్రం చాలాకాలానికి అవకాశం దొరికినట్టు నవ్వుకుంటూ, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఇల్లు చేరేదాకా ఆటోలో తనే మాట్లాడుతూ వచ్చింది. చిన్నప్పుడు ఈ పిల్ల అన్నం తినడానికి ఎంత ఏడిపించేదో చెప్పడం మొదలుపెట్టి, ఇప్పుడు పొద్దున్న ఏమీ తినకుండా ఆఫీసుకి పరుగెత్తడం దాకా వచ్చేసరికి ఇల్లు వచ్చింది. మధ్యలో ఒక్కసారి కూడా ఎదురు జవాబు రాలేదు. అప్పలకొండకి అలాంటి ప్రయాణం జీవితంలో అదే మొదటిది.

కిరణ్మయికి ముప్పై రెండేళ్లు. తండ్రి నూకరాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురు కూడా రైల్వే పరీక్షలు రాస్తుందని ఆయన ఎదురుచూస్తుండగానే, ఆమె మలంచా రోడ్డులో పరుపుల కొట్టు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని 'చుక్క' అని బోర్డు పెట్టింది. వెబ్‌సైట్లు, ఫోన్లో వాడే యాప్‌లు, మిఠాయి పెట్టెల మీద బొమ్మలు, ఏదైనా చూడ్డానికి అందంగా, వాడ్డానికి సులువుగా తయారుచేసి ఇవ్వడం ఆ స్టూడియో పని. తోడు లలిత్. గోల్‌బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు నగరేశ్వరరావు గారి అబ్బాయి, కాలేజీలో ఆమెతో చదివినవాడు. ఆమె గీసిన బొమ్మని కంప్యూటర్లో పనిచేసేలా చేయడం అతని వంతు. ఫోనెత్తి మనుషులతో మాట్లాడమంటే మాత్రం అతనికి చెమటలు పడతాయి. కాబట్టి నాలుగేళ్లపాటు గీసేదీ ఆమే, మాట్లాడేదీ ఆమే.

కిందటేడు పని పెరిగింది. ఇద్దరిని చేర్చుకున్నారు. ఒకరు జెనీ, ఇరవై మూడేళ్ల అమ్మాయి. డిజైన్ కోర్సు చేసి వచ్చింది. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్తుంది. రెండోవాడు ఉమాశంకర్, నలభై దాటినవాడు. ఫ్లెక్సులు అచ్చువేసే కొట్టులో పదిహేనేళ్లు చేసి, పుట్టినరోజు నాయకుల వెనకాల పులుల్నీ సింహాల్నీ నిలబెట్టీ నిలబెట్టీ విసుగెత్తి, "ఏదైనా చిన్న పిట్టబొమ్మ గీసే పనుంటే సెప్పమ్మా," అని అడుగుతూ వచ్చినవాడు.

ఇద్దరు నలుగురయ్యారు. కిరణ్మయి పని సగం కావాలి కదా, రెట్టింపయింది. ఎందుకంటే ఆమె పొద్దున్నే ఏడింటికి, ఎవరూ రాకముందే వచ్చి కూర్చుని, నిన్న వాళ్లు చేసినవన్నీ తెరిచి దిద్దేది. ఒక గీత జరిపేది. ఒక రంగు మార్చేది. ఒక్కోసారి మొత్తం చెరిపి తనే మళ్లీ గీసేది. పదింటికి వాళ్లు వచ్చేసరికి ఏమీ జరగనట్టు టీ తాగుతూ ఉండేది. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

నీలతరంగ బస్సుల పని వచ్చినప్పుడు ఇది ముదిరింది. ఖరగ్‌పూర్ నుంచి బేల్దా, ఏగ్రా మీదుగా దీఘా సముద్రానికి వెళ్లే పన్నెండు బస్సుల యజమాని పరిమళ్ మైతీ. ప్రయాణికుల కోసం ఒక యాప్ కావాలన్నాడు, అందులో సముద్రం కనపడాలన్నాడు. జెనీ మొదటి పేజీ గీసింది. తెల్లటి పేజీ, మధ్యలో ఒక్క ప్రశ్న: మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు? మర్నాడు వచ్చి చూస్తే ఆ పేజీ లేదు. దాని స్థానంలో నీలం కెరటాలు, నురగ, ఎగిరే పక్షి, పైన బంగారు అక్షరాల్లో బస్సుల పేర్లు. నిజంగానే చాలా అందంగా ఉంది. ఆ రోజునుంచి జెనీ సొంతంగా గీయడం మానేసింది. ఏది అడిగినా, "ఎలా కావాలో మీరే చెప్పండి దీదీ," అనేది.

'వీళ్లకి పని మీద శ్రద్ధ లేదు,' అనుకుంది కిరణ్మయి. ఇంకా ఎక్కువ చేసింది. ఇంకా ఎక్కువ చెప్పింది. పొద్దున్న జెనీకి, మధ్యాహ్నం ఉమాశంకర్‌కి, రోజంతా ఫోన్లో జనానికి చెప్పి చెప్పి, ఏప్రిల్ నెలాఖరున ఒక ఆదివారం లేచి కూర్చుని "అమ్మా, టీ" అందామంటే గొంతు లేదు.

సరిగ్గా ఆ వచ్చే శనివారమే మైతీకి యాప్ చూపించాల్సిన రోజు.

సోమవారం పొద్దున్న కిరణ్మయి ఒక నోటుపుస్తకం, నాలుగు పెన్నులు పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. విషయం విని లలిత్ ముఖం పాలిపోయింది. "మరి ఫోన్లు?"

అన్నట్టే ఫోను మోగింది. మైతీ. లలిత్ ఫోను వైపు పాముని చూసినట్టు చూశాడు. జెనీ తల దించుకుంది. నాలుగోసారి మోగేసరికి ఉమాశంకర్ పెన్సిలు కిందపెట్టి తీశాడు.

"నొమొష్కార్ దాదా! నేను ఉమాశంకర్ని," అని బెంగాలీలో మొదలుపెట్టి, తన పెళ్లయిన కొత్తలో దీఘా వెళ్తుంటే నీలతరంగ బస్సు టైరు ఏగ్రా దగ్గర పేలిపోవడం, డ్రైవరు టైరు మార్చేలోగా కండక్టరు అందరికీ కొబ్బరిబొండాలు కొట్టించి ఇవ్వడం చెప్పాడు. అవతల మైతీ ఆ కండక్టరు పేరు గుర్తుచేశాడు. ఇరవై నిమిషాలు నడిచింది. కిరణ్మయి ఎదురుగా నిలబడి, త్వరగా ముగించమని చేతులూపుతోంది. ఉమాశంకర్ ఆ చేతులు చూసి ఫ్యాను స్పీడు పెంచాడు.

"అవును దాదా, శనివారం. మా జెనీ వచ్చి మీకు చూపిస్తాది," అని ఫోను పెట్టేశాడు.

కిరణ్మయి గబగబా నోటుపుస్తకంలో ఏదో రాసి అతని ముఖం ముందు పెట్టింది. అతను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. "అమ్మా, నీ రాత సీమలు పాకినట్టున్నాది. ఇది 'జెనీ' నేనా? 'బోణీ' యా?"

జెనీకి నవ్వు ఆగలేదు. చాలా వారాల తర్వాత ఆ గదిలో వినిపించిన మొదటి నవ్వు అది. కిరణ్మయి కోపంగా పేజీ చించబోయి, తన రాత తనే చూసుకుంది. 'జెనీ చూపించడమేమిటి?' అని రాశానని ఆమెకి తెలుసు. కానీ నిజంగానే అది బోణీలాగే ఉంది. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వితే కూడా గొంతు నొప్పి పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం జెనీ పని ఆపి లేచింది. "దీదీ, నాకొక డౌట్. బస్‌స్టాండుకెళ్లి జనం ఏమడుగుతున్నారో ఒక గంట విందామా?"

కిరణ్మయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 'శనివారం చూపించాలి, ఇప్పుడు తిరగడానికి టైమెక్కడిది?' కానీ పెన్ను కనపడలేదు. టేబులు మీద, టేబులు కింద, జుట్టు ముడిలో వెతికి దొరికించుకునేసరికి జెనీ, ఉమాశంకర్ మెట్లు దిగిపోయారు. లలిత్ కూడా చెప్పులేసుకుంటున్నాడు. చేసేది లేక తనూ వెనకాలే వెళ్లింది.

ఎండ మండిపోతోంది. బస్‌స్టాండు రేకుల షెడ్డు కింద ఒక బెంచీ చివర కూర్చుంది కిరణ్మయి. పక్కన ఒక ముసలామె, కాళ్ల దగ్గర గోనెసంచిలో పనసకాయ. ఒకసారి ఆ బస్సుల వైపు, ఒకసారి కిరణ్మయి వైపు చూసి, తెలుగుదానివే కదా అన్న నమ్మకంతో అడిగేసింది.

"ఓలమ్మీ, ఏగ్రా బస్సు ఎల్లిపోనాదేటి?"

కిరణ్మయి తల అడ్డంగా ఊపింది.

"ఎల్లలేదంటావా? తెల్దంటావా?"

కిరణ్మయి గొంతు చూపించి చెయ్యి ఆడించింది. ముసలామె ముఖం మారిపోయింది. "అయ్యో నా తల్లే! మూగదానివా!" అని కిరణ్మయి చెయ్యి పట్టుకుంది. మూగవాళ్లకి చెవుడు కూడా ఉంటుందనుకుందో ఏమో, అక్కణ్నుంచి గొంతు పెంచి, షెడ్డంతా వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. తన పేరు దాలమ్మ. కూతుర్ని ఏగ్రాలో ఇచ్చింది. నెలకోసారి వెళ్తుంది. "బస్సు పేరు నాకేటి తెలుస్తాదమ్మా? నీలం బస్సులు పన్నెండున్నాయి. నానుండేది పెట్రోలు బంకు కాడ. అక్కడ ఆపుతాడో ఆపడో తెల్దు. ఆపితే నాకీ నడకే నేదు కదా! ఈ కాయ మోసుకుని ఇంత దూరం వొచ్చినాను. ఎవుర్నడిగినా బస్సు పేరు సెప్పమంటారు."

కిరణ్మయి వింటూ ఉండిపోయింది. దాలమ్మ తర్వాత ఒక కాలేజీ కుర్రాడు కండక్టర్ని అడిగాడు, "బస్సు ఇప్పుడెక్కడుంది దాదా?" ఒక తల్లి పిల్లల్ని లాగుతూ అదే అడిగింది. చేపల బుట్టతో ఒకతను, "మా వూరి మలుపులో ఆపుతారా?" అన్నాడు. గంటసేపట్లో ఒక్కరు కూడా బస్సు పేరు పలకలేదు. సముద్రం మాట ఒక్కరే ఎత్తారు, అదీ అక్కడ వాన పడుతోందా అని.

ఏగ్రా బస్సు వచ్చింది. ఉమాశంకర్ పనసకాయ ఎక్కించాడు. దాలమ్మ మెట్టు మీద నిలబడి జెనీని వేలుపెట్టి హెచ్చరించింది. "ఒసే పిల్లా, మూగపిల్లని ఎండలో ఒక్కర్తినీ ఒగ్గీకండి. మనసు మంచిది. ఎంత సెప్పినా ఇంటాది."

బస్సు కదిలాక జెనీ బెంచీ మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. లలిత్ అయితే స్తంభానికి ఆనుకుని, "ఎంత చెప్పినా వింటుందట!" అని మళ్లీ మళ్లీ అన్నాడు. కిరణ్మయి భుజాలు కూడా ఊగిపోతున్నాయి, చప్పుడు లేకుండా.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆమె నోటుపుస్తకంలో ఈసారి నెమ్మదిగా, అందరికీ అర్థమయ్యేలా పెద్ద అక్షరాలతో రాసి జెనీ ముందు పెట్టింది. 'నీ పేజీ తీసేసి నేను తప్పు చేశాను. మళ్లీ పెట్టు.'

జెనీ అది రెండుసార్లు చదివింది. తర్వాత కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది.

"దీదీ, మీరు పొద్దున్న ఏడింటికి వొచ్చి మా పనులు దిద్దుతారని మా అందరికీ తెలుసు."

కిరణ్మయి ముఖం ఎర్రబడింది.

"పేజీ తీసేసినందుకు కాదు దీదీ నాకు బాధ. నన్ను పిలిచి ఇది బాగోలేదంటే నేర్చుకుంటాను, లేదంటే ఎందుకు గీశానో చెప్తాను. ఏమీ చెప్పకుండా మార్చేస్తే, నేనసలు ఇక్కడెందుకున్నట్టు? మా అమ్మ రోజూ అడుగుతాది, ఇవాళ ఏటి సేసినావే అని. ఏటి చెప్పాలి? నిన్న చేసింది ఇవాళ లేదని చెప్పనా?"

కిరణ్మయి లోపల పది జవాబులు లేచాయి. గడువు దగ్గరపడింది. జనం ముందు పేరు పోకూడదు. నాలుగేళ్లు ఒక్కదాన్నే చూసుకున్నాను. నువ్వింకా చిన్నదానివి. గొంతు ఉండుంటే అవన్నీ వరసగా వచ్చేసేవి, జెనీ మళ్లీ "మీరే చెప్పండి దీదీ" అని తల దించుకునేది. ఇప్పుడు అవి గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆగాక చూసుకుంటే, వాటిలో ఒక్కటీ జెనీ అడిగినదానికి జవాబు కాదు.

ఆమె పెన్ను తీసి ఒక్క మాట రాసింది. 'ఇంకా?'

"ఇంకా అంటే..." జెనీ తడబడింది.

"ఇంకా నాది ఉన్నాది," అన్నాడు ఉమాశంకర్ తన కుర్చీ లాక్కుంటూ. "మిఠాయి పెట్టెల మీద నా పిట్టలకి ముక్కులు మార్సీకమ్మా. నువ్వు మార్సినాక అన్నీ సిలకల్లాగున్నాయి. నాను గీసినవి పిచ్చుకలు."

లలిత్ కూడా వచ్చి నిలబడ్డాడు. అతను గొంతు సవరించుకోవడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. "నాకు కూడా... అంటే, పొద్దున్న మార్చినప్పుడు ఒక ముక్క నాకు చెప్తే బాగుంటుంది కిరణ్. పాత బొమ్మకి నేను రెండు రోజులు పని చేసి ఉంటాను." ఇన్నేళ్లలో అతను చెప్పిన అతి పొడుగు ఫిర్యాదు అదే.

కిరణ్మయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాధ కొంతే. నలుగురూ ఇలా ఒకచోట చేరి మాట్లాడుకోవడం ఆ గదిలో అదే మొదటిసారి. పుస్తకం తిప్పి రాసింది. 'పిచ్చుకలు అని తెలీదు. సారీ.' ఉమాశంకర్ తల పంకించి, కిందకెళ్లి అందరికీ టీ, బెంగాలీ సమోసాలు సింఘాడాలు తెచ్చాడు.

సింఘాడా తింటూ జెనీ అంది, "దీదీ, నా పాత పేజీ కూడా సరిపోదు. నిలబడ్డ చోటు పేరు దాలమ్మ గారు టైపు చేస్తారా? ఎక్కడ నిలబడ్డామో టైపు చేయకుండానే ఫోనుకి తెలియాలి. పెట్రోలు బంకు, బడి, మలుపు, ఇలా జనం చెప్పుకునే గుర్తులు బొమ్మలుగా పెట్టాలి. నొక్కితే చాలు, బస్సు ఎంత దూరంలో ఉందో చెప్పాలి."

"బొమ్మలు నాను గీస్తాను," అన్నాడు ఉమాశంకర్.

తర్వాతి మూడు రోజులూ ఆ పరుపుల కొట్టు మీద పండగలా గడిచాయి. ఉమాశంకర్ బంకు, బడి, రావిచెట్టు, గుడి, చేపల బజారు గీశాడు. లలిత్ రెండు రోజులు బస్సుల్లోనే తిరిగి ఆగే చోట్లన్నీ రాసుకొచ్చాడు. కండక్టర్లతో మాట్లాడక తప్పలేదు. రెండో రోజుకి వాళ్లలో ఒకడు అతన్ని 'లలిత్ భాయ్' అని పిలుస్తున్నాడు. జెనీ అన్నిటినీ ఒక చోట కూర్చింది. కిరణ్మయి? అడిగినప్పుడు గీసింది. రంగుల దగ్గర జెనీ పిలిస్తే వెళ్లి చూపించింది. శుక్రవారం పొద్దున్న మాత్రం అలవాటుగా ఏడింటికి వచ్చేసింది. ఫైలు తెరిచింది. ఒక బటను రెండు గీతలు పక్కకి జరిపింది. మళ్లీ వెనక్కి జరిపింది. కిటికీ దగ్గర కూర్చుని, పదింటిదాకా రోడ్డు మీద బస్సులూ ఆటోలూ చూసింది.

శనివారం నలుగురూ మైతీ ఆఫీసుకి వెళ్లారు. బస్సుల షెడ్డు పక్కనే చిన్న గది, గోడంతా టైర్లు. అరవై ఏళ్ల మైతీ యాప్ తెరిచి, కళ్లజోడు సర్దుకుని, మొదటి మాటే అన్నాడు. "సముద్రం ఏది? సముద్రం కావాలన్నాను కదా!"

జెనీ బెదురుగా ఒకసారి కిరణ్మయి వైపు చూసింది. కిరణ్మయి కళ్లతోనే 'ఊ' అంది.

"సముద్రం ఎక్కడికీ పోదు దాదా," అంది జెనీ బెంగాలీలో. "కానీ మీ బస్సెక్కేవాళ్లలో సగం మంది సముద్రం దాకా వెళ్లరు. బేల్దా వెళ్తారు, ఏగ్రా వెళ్తారు. వాళ్లకి ముందు బస్సు దొరకాలి." తర్వాత దాలమ్మ సంగతి చెప్పింది. పనసకాయ మోసుకురావడం, బంకు దగ్గర ఆగుతుందో లేదో తెలియకపోవడం. చెప్తూ చెప్తూ భయం మర్చిపోయింది. దాలమ్మ గొంతు అనుకరించేసరికి మైతీ మీసాలు కదిలాయి.

"ఆగు," అని ఆయన బయటికి కేకేసి, పాత కండక్టర్ని పిలిచాడు. "ఇదిగో, నువ్వు బడి దగ్గర ఉన్నావనుకో. బస్సు ఎప్పుడొస్తుందో చూసి చెప్పు."

కండక్టరు వేలు ప్యాంటుకి తుడుచుకుని, బడి బొమ్మ నొక్కాడు. నీలం బస్సు కనిపించింది, కింద 'తొమ్మిది నిమిషాలు' అని. మళ్లీ నొక్కాడు. గుడి, రావిచెట్టు, చేపల బజారు, అన్నీ వరసగా నొక్కుతూ పోయాడు. "దాదా, ఇది ఉంటే జనం రోజూ నా బుర్ర తినరు," అన్నాడు చివరికి.

మైతీ కిరణ్మయి వైపు తిరిగాడు. "మేడమ్, యజమాని మీరు. ఇది ఇలాగే ఉండాలంటారా?"

ఆమె జెనీ వైపు చెయ్యి చూపించింది. చూపించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇంత మాట్లాడని యజమానిని నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు మైతీ. వెనక నుంచి లలిత్ దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. "సరే. ఠీక్ ఆఛే. కానీ టికెట్ మీదైనా నా సముద్రం ఉండాలి."

ఉమాశంకర్ అప్పటికే టేబులు మీదున్న పాత టికెట్టు వెనక్కి తిప్పి గీస్తున్నాడు. మూడు కెరటాలు, మీద చిన్న పిట్ట. మైతీ దాన్ని దూరంగా పెట్టి చూసి, జేబులో పెట్టుకున్నాడు. "చాయ్ తాగి వెళ్లండి," అన్నాడు.

ఎనిమిదో రోజు కిరణ్మయి గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా. అప్పలకొండ కాస్త దిగులుపడింది. స్టూడియోలో అంతా ఒక్కసారిగా మారిపోయిందని కాదు. జూన్‌లో ఒక మిఠాయి పెట్టె మీద రంగు గురించి జెనీ, కిరణ్మయి రెండు గంటలు వాదించుకున్నారు. గెలిచింది కిరణ్మయి. కానీ వాదన అందరి ముందూ జరిగింది, పట్టపగలు. ఉమాశంకర్ ఇద్దరి వైపూ మాట్లాడి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. మైతీ యాప్ వాడేవాళ్లు పెరిగి, ఇంకో రెండు బస్సు కంపెనీలు వెతుక్కుంటూ వచ్చాయి. అయిదో మనిషి కావాల్సి వచ్చింది.

హైమవతి అనే అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చిన రోజు, "మీరు అడుగుతారా దీదీ?" అంది జెనీ.

"నువ్వు అడుగు. నేనుంటే అంతా నేనే మాట్లాడేస్తాను," అని కిరణ్మయి కిందకి దిగింది. పరుపుల కొట్టు ముందు ఝాల్‌మురి, అంటే కారం కలిపిన మరమరాలు, అమ్మే దాదా దగ్గర పొట్లం కట్టించుకుని, అరుగు మీద కూర్చుంది. మిరపకాయ ఘాటు, ఆవనూనె వాసన. వాన కురిసి వెలిసింది. రోడ్డు మీద ఆటోలు నీళ్లు చిమ్ముతూ పోతున్నాయి.

పైనుంచి నవ్వులు వినిపించాయి. ముందు జెనీది, తర్వాత తెలియని గొంతు ఒకటి, ఆ వెనకే ఉమాశంకర్ ఏదో కథ అందుకోవడం. ఏమైందో చూద్దామని కిరణ్మయి లేచింది. రెండు మెట్లు ఎక్కింది. ఆగింది. వెనక్కి వచ్చి, "దాదా, ఇంకో పొట్లం. ఈసారి కారం కాస్త ఎక్కువ," అంది.